ఎలైట్ డేంజరస్: మౌస్ వదిలినా నౌక తిరుగుతూనే ఉంది, దిగే వేళకు కీబోర్డు మొరాయిస్తోంది

కపిలతీర్థం_కుర్రాడు (తిరుపతి):

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఎం.సి.ఏ. చదువుతూ బాలాజీ కాలనీలో ఒక అద్దె గదిలో ఉంటున్నాను. నెల రోజులుగా అంతరిక్షంలో నౌకను నడిపే ఎలైట్ డేంజరస్ అనే ఆట ఆడుతున్నాను. ఇంటి నుంచి వచ్చే డబ్బులో జాయ్‌స్టిక్‌కు చోటు లేదు కాబట్టి మౌస్, కీబోర్డులతోనే నౌకను నడపాలి. నిజానికి కంప్యూటర్ కూడా నాది కాదు. గదిలో నాతో ఉంటున్న అన్నగారు విశ్వవిద్యాలయంలో తెలుగు పరిశోధన చేస్తున్నారు. ఆయన తన సిద్ధాంత గ్రంథం టైపు చేసుకోవడం ముగించి పడుకున్నాక, అంటే రాత్రి పదిన్నర దాటాక అది నా చేతికి వస్తుంది. విండోస్ 11, మామూలు ఆఫీసు మౌస్, ఎస్ అక్షరం పూర్తిగా చెరిగిపోయిన పాత కీబోర్డు, ఇవీ నా ఆయుధాలు.

నా అమరిక చెబుతాను. తుపాకీ ఆటల అలవాటు కొద్దీ మౌస్‌ను పక్కలకు జరిపితే నౌక ముక్కు ఎడమకు, కుడికి తిరిగేలా, ముందుకు వెనక్కు జరిపితే ముక్కు కిందికి, పైకి వెళ్లేలా పెట్టుకున్నాను. ఏ, డి కీలు నొక్కితే నౌక పక్కకు ఒరుగుతుంది. డబ్ల్యూ, ఎస్ కీలు వేగానికి. క్యూ, ఈ కీలు పక్క థ్రస్టర్లకు, అంటే నౌకను తిప్పకుండా పక్కకు నెట్టే చిన్న ఇంజిన్లకు. పైకి నెట్టే థ్రస్టర్‌ను ఎడమ షిఫ్ట్‌కు, కిందికి నెట్టే థ్రస్టర్‌ను ఎడమ ఆల్ట్‌కు ఇచ్చాను. ఎల్ నొక్కితే ల్యాండింగ్ గేర్ దిగాలి, ట్యాబ్ నొక్కితే బూస్ట్, అంటే ఒక్కసారిగా అదనపు వేగం రావాలి.

ఇప్పుడు నా ఇబ్బందులు. మౌస్ మీద నుంచి చెయ్యి పూర్తిగా తీసేసినా నౌక తిరుగుతూనే ఉంటుంది. సరిచేద్దామని ఎదురు దిక్కుకు జరిపితే ఆ దిక్కుకు తిరగడం మొదలుపెడుతుంది. ఇది ఒకటి. ముక్కును పక్కకు తిప్పడం మరీ మందకొడిగా ఉంది, శత్రునౌక రెండుసార్లు నా చుట్టూ తిరిగి వచ్చేలోపు నేను సగం కూడా తిరగలేకపోతున్నాను. ఇది రెండవది.

మూడవదే నన్ను బాగా వేధిస్తున్నది. అంతరిక్ష స్టేషన్ లోపలికి వెళ్లి, నౌక దిగడానికి నాకు కేటాయించిన ప్యాడ్ మీదికి చేరి, కొంచెం పైకీ కొంచెం కిందికీ సర్దుకుంటూ దిగుతున్న సమయంలో ఉన్నట్టుండి కీబోర్డు పని చేయడం మానేస్తుంది. ఎల్ ఎన్నిసార్లు నొక్కినా గేర్ కదలదు. ఆటను మూసి మళ్లీ తెరిస్తే అంతా మామూలుగానే ఉంటుంది. రోజూ జరగదు, జరిగిన రోజు మాత్రం సరిగ్గా దిగే వేళకే జరుగుతుంది. మొన్న ఇలాగే గోడకు గుద్దుకుని కోబ్రా మార్క్ 3 పోయింది. బీమా కింద నౌక ఖరీదులో 5 శాతం కట్టి తిరిగి తెచ్చుకున్నాను. జాయ్‌స్టిక్ లేకుండా ఈ ఆట ఆడటం సాధ్యమేనా, లేక నేను వృథాగా తంటాలు పడుతున్నానా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నీవా_ఒడ్డున (చిత్తూరు):

సాధ్యమే. నేను 6 సంవత్సరాలుగా మౌస్‌తోనే ఆడుతున్నాను. చిత్తూరులో కంప్యూటర్ల మరమ్మతు దుకాణం నడుపుతున్నాను కాబట్టి మీ మూడవ ఇబ్బంది గురించి కూడా ఒక అనుమానం చెప్పగలను. ముందు మొదటి రెండింటి సంగతి చూద్దాం, ఎందుకంటే అవి మీ అమరికలోనే ఉన్నాయి.

రెండవ ఇబ్బందితో మొదలుపెడతాను. ముక్కును పక్కలకు తిప్పడాన్ని యా అనీ, పైకి కిందికి వంచడాన్ని పిచ్ అనీ, నౌక తన పొడవు చుట్టూ తాను దొర్లడాన్ని రోల్ అనీ అంటారు. గాలి లేని చోట ఈ మూడింటిలో ఏదైనా ఒకే వేగంతో జరగవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. భౌతికశాస్త్రం ప్రకారం అది న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ ఆటను తయారుచేసినవారు పోరాటం విమానాల పోరాటంలా ఉండాలని కోరుకుని, యా వేగాన్ని కావాలనే బాగా తగ్గించి పెట్టారు. తుపాకీ ఆటల అలవాటుతో మీరు మౌస్‌కు ఇచ్చింది సరిగ్గా ఆ నీరసమైన పనినే. అందుకే ఎంత జరిపినా తిరగదు.

ఈ ఆటకు మూలమైన 1984 నాటి ఎలైట్‌లో యా అసలు లేనే లేదు. బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ కంప్యూటర్ మీద డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు రాసిన ఆ ఆటలో దిక్కు మార్చడానికి ఉన్నవి నాలుగే కీలు, రెండు రోల్‌కు, రెండు పిచ్‌కు. ఎడమ పక్కన ఉన్న నక్షత్రం వైపు వెళ్లాలంటే ముందు నౌకను ఒరిగించి ఆ నక్షత్రాన్ని నెత్తి మీదికి తెచ్చుకోవాలి, తర్వాత ముక్కును పైకి లాగాలి. ఆకాశంలో ఏ దిక్కుకైనా ఆ రెండు కదలికలతో వెళ్లవచ్చు. గిర్రున తిరుగుతున్న స్టేషన్ ద్వారంలోకి దూరడం కూడా ఆ నాలుగు కీలతోనే చేసేవారు. కాబట్టి మౌస్ పక్క కదలికను రోల్‌కు మార్చండి, యాను ఏ, డి కీలకు పంపండి. గురిని చివరి వెంట్రుకవాసి సర్దుకోవడానికి మాత్రమే యా ఉపయోగపడుతుంది, దానికి కీలు చాలు. మొదటి రెండు రోజులు తల తిరుగుతుంది. మూడవ రోజుకు చెయ్యి దానంతట అదే ఒరిగిస్తుంది.

ఇక మొదటి ఇబ్బంది. జాయ్‌స్టిక్‌లో స్ప్రింగు ఉంటుంది, వదిలితే నిటారుగా నిలబడుతుంది. మౌస్‌కు స్ప్రింగు లేదు. అది తాను ఎక్కడ ఉన్నదీ చెప్పలేదు, ఎంత జరిగిందో మాత్రమే చెబుతుంది. ఆ జరుగుదలలన్నిటినీ ఆట కూడుకుని, తెర మధ్యలో ఒక ఊహాజనితమైన కర్రను వంచి ఉంచుతుంది. మీరు మౌస్‌ను రెండంగుళాలు కుడికి జరిపి వదిలేస్తే ఆ కర్ర రెండంగుళాల వంపుతో అలాగే ఉండిపోతుంది, నౌక తిరుగుతూనే ఉంటుంది. మీ నౌకకు జబ్బేమీ లేదు, చెప్పిన పనే చేస్తున్నది.

దీనికి మౌస్ సెట్టింగులలో రిలేటివ్ మౌస్ అనే అంశం ఉంది, పక్క కదలికకు వేరుగా, నిలువు కదలికకు వేరుగా. అది ఆన్ చేస్తే మీరు కదపడం ఆపిన వెంటనే కర్ర తనంతట తాను మధ్యకు రావడం మొదలుపెడుతుంది. తిరుమల ఘాట్‌లో బస్సు నడిపేవారిని ముందు సీట్లో కూర్చుని గమనించారా? మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పిన తర్వాత దాన్ని వెనక్కు తిప్పరు, అరచేతుల మధ్య జారనిస్తారు, చక్రాలు తమంతట తామే నిటారుగా వస్తాయి. రిలేటివ్ మౌస్ అలాంటిదే. ఎంత త్వరగా మధ్యకు రావాలన్నది దాని పక్కనే ఉన్న స్లయిడర్ నిర్ణయిస్తుంది. మరీ ఎక్కువ పెడితే మలుపు మధ్యలోనే స్టీరింగు చేజారిపోయినట్టు ఉంటుంది. సగానికి కొంచెం తక్కువతో మొదలుపెట్టండి.

డెడ్‌జోన్ అంటే మధ్యలో ఎంత మేర కదలికను పట్టించుకోకూడదు అన్నది. చెయ్యి వణికితే నౌక వణకకుండా ఉండటానికి అది కావాలి. కానీ కొత్తవారు దాన్ని పెంచి, ఆ పైన సున్నితత్వాన్ని కూడా పెంచి, మౌస్ మొదట ఏమీ చేయదు, తర్వాత ఒక్కసారిగా ఎగురుతుంది అని మా దుకాణానికి వస్తారు. డెడ్‌జోన్ అతి తక్కువగా ఉంచండి. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చి, స్టేషన్ బయట పది నిమిషాలు తిరిగి చూసి, ఆ తర్వాతే ఇంకొకటి మార్చండి. మౌస్ గుర్తును తెర మీద చూపించే ఐచ్ఛికం కూడా ఉంది, దాన్ని ఆన్‌లో ఉంచండి. కర్ర ఎటు వంగి ఉందో అదే చెబుతుంది.

మూడవ ఇబ్బంది మీద నా అనుమానం కీబోర్డు లోపలి అల్లిక మీద ఉంది. చవక కీబోర్డులలో కీలన్నీ నిలువు గీతలు, అడ్డ గీతల అల్లిక మీద కూర్చుని ఉంటాయి. రెండు కీలు ఏకకాలంలో నొక్కితే ఏ కూడలిలో నొక్కారో తెలుస్తుంది. ఒక దీర్ఘచతురస్రం మూడు మూలలలో ఉన్న మూడు కీలు కలిపి నొక్కితే నాలుగవ మూల కూడా నొక్కినట్టే కనిపిస్తుంది. ఆ దొంగ కీని అడ్డుకోవడానికి కీబోర్డు మూడవ కీనే మింగేస్తుంది. నోట్‌ప్యాడ్ తెరిచి, మీరు దిగేటప్పుడు వాడే కీలన్నీ జతలుగా, మూడేసిగా నొక్కి పట్టుకుని ఏ అక్షరం రావడం లేదో రాసుకోండి. షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ కీలకు మామూలుగా విడి దారులు ఉంటాయి కాబట్టి థ్రస్టర్లను వాటికి ఇవ్వడం మంచి ఆలోచనే. అయితే ఆల్ట్‌కు థ్రస్టర్ ఇచ్చి, ట్యాబ్‌కు బూస్ట్ ఇచ్చారు, ఆ రెండూ కలిపి నొక్కితే ఏమవుతుందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

పాతఘాట్‌రోడ్డు (తిరుపతి):

నీవా గారు చెప్పిన రోల్ సంగతితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రిలేటివ్ మౌస్ విషయంలో మాత్రం నాది వేరే అభిప్రాయం, కాబట్టి ప్రశ్న అడిగిన తమ్ముడు రెండూ ప్రయత్నించి నిర్ణయించుకుంటే మంచిది.

పోరాటంలో శత్రువు వెనక పడి తిరుగుతున్నప్పుడు ముక్కును ఏకధాటిగా పది, పదిహేను సెకన్లు పైకి లాగి పట్టుకోవలసి వస్తుంది. రిలేటివ్ ఆన్‌లో ఉంటే కర్ర మధ్యకు జారిపోతూ ఉంటుంది కాబట్టి మౌస్‌ను లాగడం, ఎత్తడం, ముందుకు పెట్టడం, మళ్లీ లాగడం, ఇలా రోలు మీద పొత్రం తిప్పినట్టు చేస్తూనే ఉండాలి. నా మణికట్టు నొప్పి అలాగే మొదలైంది. ఇప్పుడు నిలువు కదలికకు రిలేటివ్ ఆఫ్ చేసి, పక్క కదలికకు మాత్రమే ఆన్‌లో ఉంచాను. ముక్కు ఎంత లాగితే అంతే నిలబడుతుంది, రోల్ మాత్రం దానంతట అదే ఆగిపోతుంది.

మరి ముక్కు తిరుగుతూనే ఉంటే? దానికి రీసెట్ మౌస్ అనే ఒక ఆదేశం కంట్రోళ్ల జాబితాలో ఉంది. ఏ కీకి ఇస్తే ఆ కీ నొక్కిన క్షణమే కర్ర మధ్యకు వచ్చేస్తుంది. నేను దాన్ని మౌస్ చక్రం నొక్కుకు ఇచ్చాను. ఎటు వంగి ఉన్నానో తెలియక కంగారు పడిన ప్రతిసారీ చక్రం నొక్కుతాను. ఆటలో నేను అన్నిటికంటే ఎక్కువగా వాడే బటన్ అదే అయి ఉంటుంది, కాల్పులతో సహా.

వేగానికి డబ్ల్యూ, ఎస్ మాత్రమే ఉంచితే చాలదు. వేగాన్ని సున్నాకు, 50 శాతానికి, 75 శాతానికి తీసుకువెళ్లే ఆదేశాలు విడిగా ఉన్నాయి, వాటిని మౌస్ అదనపు బటన్లకో దగ్గరి కీలకో ఇవ్వండి. వేగం సూచీలో మధ్యన నీలం రంగు మేర ఉంటుంది, నౌక అన్నిటికంటే చురుకుగా తిరిగేది అక్కడే. పూర్తి వేగంతో వెళ్తూ నౌక తిరగడం లేదని విసుక్కునేవారిలో సగం మంది ఆ నీలాన్ని చూడనివారే. ఇక గ్రహాల మధ్య అతివేగంగా ప్రయాణించే సూపర్‌క్రూజ్‌లో గమ్యం 7 సెకన్ల దూరంలో ఉందని చూపినప్పుడు 75 శాతం నొక్కి వదిలేస్తే, దాటిపోకుండా నెమ్మదిగా చేరుకుంటారు.

కపిలతీర్థం_కుర్రాడు:

ఇద్దరికీ ధన్యవాదాలు. నాలుగు రాత్రులు ప్రయత్నించి రాస్తున్నాను.

రోల్‌ను మౌస్‌కు మార్చాను. మొదటి రాత్రి స్టేషన్ చుట్టూ తిరుగుతుంటే నిజంగానే వాంతి వచ్చేలా అయింది. మూడవ రాత్రికి నీవా గారు అన్నట్టే చెయ్యి అలవాటు పడింది. పాతఘాట్‌రోడ్డు అన్నగారి పద్ధతిలో పక్క కదలికకు మాత్రమే రిలేటివ్ ఉంచి, చక్రం నొక్కుకు రీసెట్ ఇచ్చాను. నిన్న ఒక దొంగనౌకను మొదటిసారిగా పూర్తిగా వెంటాడి పడగొట్టాను. ఆల్ట్, ట్యాబ్ కలిసిన అనుభవం నాకూ ఒకసారి అయింది. గోడవైపు దూసుకుపోతున్న నౌకకు బదులు అన్నగారి అధ్యాయం తెర మీద కనిపించింది.

మూడవ ఇబ్బంది మాత్రం పోలేదు. నోట్‌ప్యాడ్ పరీక్ష చేశాను. క్యూ, డబ్ల్యూ, ఎస్ మూడూ కలిపి నొక్కితే ఒకటి రావడం లేదన్నది నిజమే, కానీ చేతులు తీసేసి ఒక్కొక్క కీ విడిగా నొక్కితే అన్నీ వస్తున్నాయి. ఆటలో జరిగేది అలా కాదు. నిన్న రాత్రి మళ్లీ ఆగిపోయినప్పుడు కంగారు పడకుండా ఒక్కొక్క కీ నొక్కి చూశాను. ట్యాబ్ పని చేసింది, దాంతో నౌక పైకప్పుకు తగిలింది. బాణం కీలు పని చేస్తున్నాయి, షిఫ్ట్ థ్రస్టర్ పని చేస్తున్నది, మౌస్ బాగానే ఉంది. డబ్ల్యూ, ఏ, ఎస్, డి, ఎల్ మాత్రం చచ్చిపోయాయి. అక్షరాల కీలన్నీ కలిసి ఒక్కసారే ఎందుకు చనిపోతాయి?

సువర్ణముఖి (తిరుపతి):

మీ ఆఖరి వాక్యం చదవగానే నాకు నవ్వు వచ్చింది, క్షమించాలి. మీ కీబోర్డు చనిపోలేదు. అది తెలుగు మాట్లాడుతున్నది.

నేను పదకొండేళ్లుగా డి.టి.పి. చేస్తున్నాను. పెళ్లిపత్రికలు, గుడి కరపత్రాలు, సిద్ధాంత గ్రంథాలు టైపు చేయడమే నా పని. మీ గదిలోని పరిశోధకుడు తెలుగులో టైపు చేస్తారని మీరే మొదటి ప్రశ్నలో చెప్పారు. అంటే ఆ కంప్యూటర్‌లో ఆంగ్లంతో పాటు తెలుగు కీబోర్డు కూడా పెట్టి ఉంటుంది. విండోస్‌లో రెండు భాషలు ఉన్నప్పుడు ఒకదాని నుంచి ఇంకొకదానికి మారడానికి ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కుతాం. నేను రోజుకు కొన్ని వందల సార్లు నొక్కుతాను. మీరు పైకి నెట్టే థ్రస్టర్‌ను ఎడమ షిఫ్ట్‌కు, కిందికి నెట్టేదాన్ని ఎడమ ఆల్ట్‌కు ఇచ్చారు. మామూలుగా ఎగురుతున్నప్పుడు ఆ రెండింటి అవసరం ఒకేసారి రాదు. ప్యాడ్ మీద కొంచెం పైకి, కొంచెం కిందికి అని సర్దుకుంటున్నప్పుడు మాత్రం ఒక వేలు లేవకముందే ఇంకొక వేలు పడుతుంది. ఆ క్షణంలో భాష మారిపోతుంది. మీ ఇబ్బంది సరిగ్గా దిగే వేళకే రావడానికి కారణం అదే. ఆట తెర అంతా ఆక్రమించి ఉంటుంది కాబట్టి మూలన ఉండే భాష గుర్తు మీకు కనిపించదు.

ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో ఎల్ కీ మీద 'త' ఉంటుంది. ఇంకా తమాషా ఏమిటంటే, ఆ అమరికలో హల్లులు ఎక్కువగా కుడి చేతి కింద, గుణింతాలు ఎడమ చేతి కింద ఉంటాయి. అంటే మీరు నౌకను నడిపే నాలుగు కీలలో డబ్ల్యూ ఐత్వం, ఏ ఓత్వం, ఎస్ ఏత్వం, డి పొల్లు. మీరు ప్రాణభయంతో డి నొక్కుతుంటే కంప్యూటర్ పొల్లు మీద పొల్లు పెడుతూ కూర్చుంది. కొన్ని ఆటలు కీ ఎక్కడ ఉందో చూసి గుర్తుపడతాయి, వాటికి భాషతో పని లేదు. కొన్ని ఆ కీ నుంచి వచ్చే అక్షరాన్ని బట్టి గుర్తుపడతాయి. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఈ రెండవ రకానికే సరిపోతున్నాయి. ట్యాబ్, బాణాలు, షిఫ్ట్ అక్షరాలు కావు కాబట్టి అవి ఏ భాషలోనైనా అవే.

నా మాట నమ్మే ముందు పరీక్షించి చూడండి. ఏ స్టేషన్‌లోనో నిశ్చింతగా నిలబడి ఉన్నప్పుడు కావాలనే ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కండి. కీలు ఆగిపోతే దొంగ దొరికినట్టే. మళ్లీ అవే రెండు నొక్కితే తిరిగి రావాలి, ఆటను మూయవలసిన పని లేదు.

శాశ్వతంగా పోవాలంటే విండోస్ సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, దానిలో టైపింగ్, దానిలో అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్ తెరవండి. అక్కడ ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ అని ఉంటుంది. భాష మార్చే జతను ఏదీ వద్దు అని పెట్టవచ్చు. కానీ కంప్యూటర్ మీది కాదు, ఆయనది. ఆ జత ఆయన వేళ్లకు ఎంత అలవాటై ఉంటుందో నాకు తెలుసు. ఆయనను అడగకుండా తీసేస్తే రేపు ఉదయం ఆయన మీ మీద కేకలు వేస్తారు, నేనైతే వేస్తాను. అందుకని మీ థ్రస్టర్లలో ఒకదాన్ని ఆల్ట్ నుంచి తీసేయడమే మర్యాద. కిందికి నెట్టేదాన్ని ఎడమ కంట్రోల్‌కు మార్చండి, ఆటోమేటిగ్గా ట్యాబ్ గొడవ కూడా తీరిపోతుంది. అయితే కొన్ని కంప్యూటర్లలో భాష మార్చే జతగా కంట్రోల్, షిఫ్ట్‌ను ఎంచుకుని ఉంటారు. అదే పేజీలో మీ అన్నగారు ఏది పెట్టుకున్నారో చూసి మరీ మార్చండి.

ఇంకొక్క మాట. ఎడమ షిఫ్ట్‌ను థ్రస్టర్‌గా టపటపా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ అనే పెట్టె తెర మీదికి వస్తుంది. ఇప్పటివరకు రాకపోతే మీ అదృష్టం. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద కీబోర్డు పేజీలో ఆ సత్వరమార్గాన్ని ఆపివేయండి.

నీవా_ఒడ్డున:

సువర్ణముఖి గారూ, దుకాణంలో రోజూ కీబోర్డులు విప్పే నాకు ఇది తట్టలేదు. తెలుగు టైపు చేసేవారి కంప్యూటర్లు మా దగ్గరికి ఎన్నో వస్తాయి, అయినా అల్లిక మీదికే నా దృష్టి పోయింది.

తమ్ముడికి ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. ఇంత కష్టపడి చేసుకున్న అమరిక ఒక చిన్న ఫైలులో ఉంటుంది. యూజర్ ఫోల్డర్ లోపల యాప్‌డేటా, లోకల్, ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్, ఎలైట్ డేంజరస్, ఆప్షన్స్, బైండింగ్స్ అనే వరుసలో వెళ్తే కస్టమ్ అనే పేరుతో మొదలయ్యే బైండ్స్ ఫైలు కనిపిస్తుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి వరుసలలోనే కీబోర్డు భాష ఏదో రాసి ఉంటుంది. ఈ ఆట భాషను ఎంత పట్టించుకుంటుందో అక్కడే తెలిసిపోతుంది. నేను ఆ ఫైలును రోజూ తెరుస్తూ కూడా ఆ వరుసను చూడలేదు. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఉంచుకోండి. రేపు ఎవరి దగ్గరో జాయ్‌స్టిక్ అరువు తెచ్చి దానికి కీలు ఇచ్చి, తర్వాత దాన్ని పీకేస్తే, ఆ పరికరం లేదన్న కారణంతో ఆట మొత్తం అమరికనే పక్కన పెట్టేయవచ్చు. అప్పుడు ఆ కాపీయే దిక్కు.

దిగే పద్ధతి కూడా కొంచెం మార్చుకోండి. స్టేషన్‌కు 7.5 కిలోమీటర్ల లోపలికి వచ్చాక అనుమతి అడిగితే 10 నిమిషాల గడువు ఇస్తారు, అది చాలా ఎక్కువ సమయం. ద్వారం దాటగానే గేర్ దించేయండి. గేర్ దిగి ఉంటే నౌక వేగం దానంతట అదే తగ్గి, థ్రస్టర్లు మెత్తగా స్పందిస్తాయి. కీ అంటే నొక్కడమో నొక్కకపోవడమో తప్ప సగం నొక్కడం లేదు కదా, ఆ లోటును గేర్ చాలావరకు తీరుస్తుంది. మీరు ప్యాడ్ మీదికి వచ్చాక చివరిలో గేర్ దించుతున్నారు, అంటే కష్టమైన భాగమంతా మొరటు థ్రస్టర్లతో చేస్తున్నారు.

కపిలతీర్థం_కుర్రాడు:

సువర్ణముఖి గారూ, దొంగ దొరికాడు. స్టేషన్‌లో నిలబడి ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కాను, అక్షరాలన్నీ ఆగిపోయాయి. అదే స్థితిలో గెలాక్సీ పటం తెరిచి వెతికే పెట్టెలో ఎల్ కొట్టాను. అక్షరం బదులు ఖాళీ డబ్బా ఒకటి పడింది. ఆట దగ్గర తెలుగు ఫాంటు లేనట్టుంది. మళ్లీ ఆ రెండు కీలు నొక్కగానే ఎల్ ఎల్‌లాగే వచ్చింది.

అన్నగారితో ఉదయం టీ తాగుతూ అంతా చెప్పాను. నెల రోజులుగా తన ఫైలు తెరవగానే ఒక్కొక్కసారి ఆంగ్లానికి బదులు తెలుగు, తెలుగుకు బదులు ఆంగ్లం వస్తున్నదని, కంప్యూటర్‌కు వైరస్ పట్టిందేమోనని తాను అనుకుంటున్నానని ఆయన అన్నారు. ఆ వైరస్ నేనేనని ఒప్పుకున్నాను. హాట్ కీ తీయవద్దని గట్టిగా చెప్పారు, కాబట్టి మీరు చెప్పినట్టు కిందికి నెట్టే థ్రస్టర్‌ను ఎడమ కంట్రోల్‌కు మార్చాను. ఆయన పెట్టుకున్నది ఆల్ట్, షిఫ్ట్ జతే అని ఆ పేజీలో చూసి నిర్ధారించుకున్నాను. స్టిక్కీ కీస్ ఆపేశాను. బైండ్స్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉంది, దానిలో భాష ఆంగ్లం అనే ఉంది.

నిన్న రాత్రి ద్వారం దాటగానే గేర్ దించి, వరుసగా ఆరుసార్లు దిగాను. ఆరవసారి ప్యాడ్ మధ్యలో ఉన్న గుర్తు మీదనే నౌక నిలిచింది. వేగం సున్నా నొక్కడం మాత్రం ఇంకా మర్చిపోతున్నాను. అందుకని దాన్ని మౌస్ పక్క బటన్‌కు ఇద్దామంటే నా మౌస్‌కు పక్క బటన్లు లేవు, ప్రస్తుతానికి ఎక్స్ కీతోనే నెట్టుకొస్తున్నాను.